కుండ అడుగున పధ్నాలుగు మంటలు

రుక్‌వుడ్ వాళ్ళ పూలకుండీ ఏదైనా చేతికొస్తే, తెలిసినవాళ్ళు ముందు దాన్ని తిరగేసి అడుగు చూస్తారు. పువ్వులూ రంగులూ తర్వాత. అడుగున ఒక ముద్ర ఉంటుంది: తిరగబడ్డ ‘ఆర్’ అక్షరం, దానికి వీపు ఆనించి ‘పి’. ఈ ముద్ర 1886లో మొదలైంది. 1887లో దాని మీద చిన్న మంట ఒకటి చేర్చారు. మరుసటి ఏడు రెండు మంటలు, ఆపై మూడు. అలా ఏడాదికొకటి చొప్పున 1900కి పధ్నాలుగు మంటలయ్యాయి, ముద్ర చుట్టూ జాగా నిండిపోయింది. అందుకని 1901 నుంచి మంటలు పెంచడం మానేసి, కింద రోమన్ అంకె వేయడం మొదలుపెట్టారు. ఒకటి అని ఉంటే 1901, ఇరవై ఏడు అని ఉంటే 1927. దాని పక్కనే ఆకారం నంబరు, బొమ్మ వేసినవాళ్ళ పొడి అక్షరాలు. మన ఈసీఈ వాళ్ళు ఐసీ మీద డేట్ కోడ్ చదువుతారు చూడండి, అచ్చం అలాంటిదే. కాకపోతే నూట ముప్ఫై ఏళ్ళ కిందటిది, పచ్చి మట్టి మీద వేసింది.

ఇంత పద్ధతిగా లెక్క రాసుకున్న కంపెనీ 1941లో దివాలా తీసింది, 1967లో పూర్తిగా మూతబడింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఒక పళ్ళ డాక్టరు చేతిలో ఉండి, చివరికి పుట్టిన ఊరికే తిరిగొచ్చింది. ఈ తిరిగి రావడం ఏమిటో అర్థం కావాలంటే మొదటినుంచీ చెప్పుకురావాలి.

అమెరికాలో ఒహాయో నది ఒడ్డున సిన్సినాటి నగరం. 1870లలో అక్కడ ఉన్నవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళకి ఒక కొత్త సరదా పట్టుకుంది: పింగాణీ ప్లేట్ల మీద రంగులతో బొమ్మలు వేయడం. 1874లో వాళ్ళకి క్లాసులు పెట్టించిన మనిషి బెన్ పిట్‌మన్. ఈ ఇంటిపేరు ఎక్కడో విన్నట్టుందా? మన టౌన్లలో టైపు ఇన్‌స్టిట్యూట్ బోర్డుల మీద ‘షార్ట్‌హ్యాండ్’ అని ఉండేదే, ఆ లిపి కనిపెట్టిన ఐజాక్ పిట్‌మన్‌కి ఈయన తమ్ముడు.

1876లో ఫిలడెల్ఫియాలో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. సిన్సినాటి నుంచి వెళ్ళినవాళ్ళలో ఇద్దరు స్త్రీలు మన కథకి ముఖ్యం. ఒకరు మేరీ లూయిస్ మెక్‌లాఫ్లిన్. ఫ్రాన్స్‌లోని లిమోజ్ నుంచి వచ్చిన కుండీలు ఆమెను కట్టిపడేశాయి. వాటి మీద బొమ్మ పైపైన అంటించినట్టు లేదు, గాజు పూత లోపల మునిగి ఉన్నట్టుంది. రెండో ఆమె మరియా లాంగ్‌వర్త్ నికల్స్. ఈవిడకి నచ్చినవి జపాన్ కుండలు. ఈమె తాత నికలస్ లాంగ్‌వర్త్ భూములతోనూ ద్రాక్షసారాతోనూ కోట్లు గడించినవాడు, కాబట్టి డబ్బుకి లోటు లేదు.

ఇక్కడ కాస్త ఆగి సాంకేతికం చెప్పుకోవాలి, లేకపోతే మిగతా తగువులన్నీ అర్థం కావు.

మన ఇళ్ళలో నీళ్ళ కుండ, ఆవకాయ జాడీ రెండూ మట్టివే. కుండకి సన్నటి రంధ్రాలుంటాయి, నీరు చెమర్చి చల్లబడుతుంది. జాడీకి పైన గాజులాంటి పూత ఉంటుంది, నూనె చుక్క బయటికి రాదు. ఆ పూతే గ్లేజు. ఇసకలో ఉండే సిలికానే దానికి మూలం. కానీ సిలికా ఒక్కటే కరగాలంటే సుమారు 1700 డిగ్రీల వేడి కావాలి, అంత వేడికి మామూలు మట్టి కుండ నిలవదు. కాబట్టి కరిగే వేడిని కిందికి దించే పదార్థం ఏదో ఒకటి కలపాలి. ఆ రోజుల్లో దానికి సీసం వాడేవాళ్ళు. సీసపు గ్లేజు తక్కువ వేడికే తేనెలా కరిగి, లోతుగా, నిగనిగలాడుతూ వస్తుంది. ఆరోగ్యానికి చెరుపే అనుకోండి, ఆ సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది.

బొమ్మ గ్లేజు పైన వేస్తే పని సులువు, కానీ అరిగిపోతుంది. గ్లేజు కింద వేస్తే శాశ్వతం, కానీ బట్టీ వేడికి చాలా రంగులు మాడిపోతాయి. మెక్‌లాఫ్లిన్ చేసిన పని ఏమిటంటే, ఉత్త రంగు కాకుండా, రంగు కలిపిన పలచటి మట్టినే రంగులా వాడి, ఇంకా తడి ఉన్న కుండ మీద బొమ్మ వేయడం. ఈ పలచటి మట్టిని స్లిప్ అంటారు. అప్పుడు బొమ్మా కుండా ఒకే మట్టి, కలిసే ఆరతాయి, కలిసే కాలతాయి. లిమోజ్ వాళ్ళు ఎలా చేస్తున్నారో ఎవరూ చెప్పకుండానే, 1877 ప్రాంతంలో ఆమె తనంతట తాను ప్రయోగాలు చేసి పట్టుకుంది. పట్టుకుని దాచుకోలేదు కూడా. 1880లో ఆ పద్ధతి మీద పుస్తకమే అచ్చువేసింది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే కోడ్ మొత్తం ఓపెన్ సోర్స్ చేసేసింది.

1879లో మెక్‌లాఫ్లిన్ ఆడవాళ్ళతో ఒక పాటరీ క్లబ్ పెట్టింది. దానికి మరియా నికల్స్‌ని పిలిచారనీ, ఆ ఆహ్వానం ఆమెకి చేరనే లేదనీ, ఆవిడ దాన్ని మనసులో పెట్టుకుందనీ చెప్తారు. ఆ తర్వాత ఇద్దరికీ పోటీయే పోటీ. మెక్‌లాఫ్లిన్ దాదాపు మూడడుగుల ఎత్తున ‘ఆలీబాబా’ అని ఒక కుండీ చేస్తే, మరియా ‘అల్లాదీన్’ అని ఇంకోటి చేసింది. మన కాలేజీ ఫెస్టుల్లో డిపార్టుమెంట్ల మధ్య నడిచే పంతాలకి ఇదేమీ తీసిపోదు.

అయితే రుక్‌వుడ్ పుట్టడానికి పంతం ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటే. ఇద్దరూ తమ కుండల్ని ఊళ్ళోని డాలస్ అనే వ్యాపారి బట్టీలో కాల్పించుకునేవాళ్ళు. అది గట్టి పింగాణీ కాల్చే బట్టీ, వేడి విపరీతం. నీలం, నలుపు లాంటి ఒకటి రెండు రంగులు తప్ప మిగతావి నిలిచేవి కావు. తన రంగులకి తగ్గ వేడి కావాలంటే తన బట్టీ తనకుండాలి. తండ్రి వేలంలో కొన్న పాత బడి భవనం ఒకటి నది దగ్గర ఖాళీగా ఉంది. అందులోనే పెట్టింది. పుట్టింటి ఎస్టేటు పేరే కార్ఖానాకీ పెట్టుకుంది: రుక్‌వుడ్. ‘రుక్’ అంటే కాకి జాతి పక్షి, ఆ ఎస్టేటు నిండా కాకులే. 1880 నవంబరులో, థ్యాంక్స్‌గివింగ్ పండగ రోజున, మొదటి బట్టీ విప్పారు. అమెరికాలో ఒక స్త్రీ స్థాపించి తనే యజమానిగా నడిపిన తొలి పెద్ద కార్ఖానాల్లో ఇదొకటి.

మొదట్లో నష్టాలే. 1883లో మరియా తన స్నేహితుడు విలియం వాట్స్ టేలర్‌ని మేనేజరుగా తెచ్చింది. కుండల పని ఓనమాలు తెలియని మనిషి, లెక్కల మనిషి. ఏ ఆకారం అమ్ముడవుతోంది, ఏది మూలపడి ఉంది, ప్రతిదానికీ పుస్తకం పెట్టాడు. ఆకారానికో నంబరు, బొమ్మ వేసినవాళ్ళకో గుర్తు, అన్నీ ఈ కాలంలో స్థిరపడ్డవే. ఆయనే వచ్చీ రాగానే అక్కడ గది అద్దెకు తీసుకున్న మెక్‌లాఫ్లిన్ క్లబ్బుని ఖాళీ చేయించాడు. పద్ధతి కనిపెట్టినవాళ్ళని గుమ్మం బయట నిలబెట్టి, పద్ధతిని మాత్రం లోపల ఉంచుకున్నారన్నమాట. టేలర్ సమర్థుడు, కాదనను. ఈ ఒక్క సంగతి మాత్రం ఎప్పుడు చదివినా గుచ్చుకుంటుంది.

అదే ఏడాది కార్ఖానాలో పనిచేసే లారా ఫ్రై అనే కళాకారిణి ఇంకో ముఖ్యమైన పని చేసింది. అప్పటిదాకా కుండ నేపథ్యానికి స్లిప్‌ని కుంచెతో పూసేవాళ్ళు. గీతలు పడేవి, ఒక రంగు ఆగిన చోటు ఇంకోటి మొదలైన చోటు కొట్టొచ్చినట్టు కనబడేది. ఆమె స్లిప్‌ని సన్నటి తుంపరగా చల్లే చిన్న పరికరంతో జల్లింది. ముదురు గోధుమ నుంచి నారింజ, నారింజ నుంచి పసుపు, ఎక్కడ మారిందో తెలియకుండా సాయంకాలపు ఆకాశంలా కరిగిపోయే నేపథ్యం వచ్చింది. దాని మీద లేత పసుపు ఛాయ ఉన్న సీసపు గ్లేజు. రుక్‌వుడ్ అంటే ప్రపంచానికి గుర్తొచ్చే రూపం ఇదే, దీన్నే ‘స్టాండర్డ్’ అనేవాళ్ళు.

1889లో లారా ఫ్రై ఈ పద్ధతికి పేటెంటు తెచ్చుకుంది. అప్పటికి ఆమె రుక్‌వుడ్ వదిలేసింది. వాళ్ళు మాత్రం జల్లడం మానలేదు. కోర్టుకెళ్ళింది. 1898లో తీర్పు ఆమెకు వ్యతిరేకంగా వచ్చింది. తుంపర జల్లే పరికరం ముందే ఉంది, దాన్ని ఇంకో పనికి వాడటం కొత్త ఆవిష్కరణ కాదన్నది దాని సారం. తీర్పు చెప్పిన న్యాయమూర్తి విలియం హోవర్డ్ టాఫ్ట్, తర్వాత అమెరికా అధ్యక్షుడయిన ఆయనే, సిన్సినాటి వాడే. ఐపీఆర్ ఎలెక్టివ్ తీసుకున్నవాళ్ళు ‘ఫ్రై వర్సెస్ రుక్‌వుడ్’ ఒకసారి వెతికి చదవండి. పాత పనిముట్టుని కొత్త చోట వాడటం ఎప్పుడు ఆవిష్కరణ అవుతుంది అన్న ప్రశ్న ఇవాళ్టి పేటెంట్లలోనూ అలాగే ఉంది. చట్టం ప్రకారం టాఫ్ట్ చెప్పింది సబబే కావచ్చు. కానీ ఆ ఆకాశం ఆమెకు తోచింది, ఇంకెవరికీ తోచలేదు. ఆమె తర్వాత పర్డ్యూ యూనివర్సిటీలో చాలా ఏళ్ళు కళలు బోధించింది. మనలో సగంమంది ఎంఎస్‌కి అప్లికేషన్ పెట్టే ఆ పర్డ్యూయే.

1889లోనే పారిస్ ప్రదర్శనలో రుక్‌వుడ్‌కి బంగారు పతకం వచ్చింది. మరుసటి ఏడు మరియా తన వాటా టేలర్‌కి అప్పగించి తప్పుకుంది. మొదటి భర్త పోయాక ఆమె బెలమీ స్టోరర్‌ని పెళ్ళి చేసుకుంది, ఆయన రాయబారిగా యూరప్ దేశాలు తిరగడంతో ఆమె కథ వేరే దారి పట్టింది. 1892లో కార్ఖానా నది ఒడ్డు నుంచి మౌంట్ ఆడమ్స్ కొండ మీది కొత్త భవనానికి మారింది. 1900లో పారిస్‌లోనే గ్రాండ్ ప్రీ.

ఈ పేరు వెనక ఉన్న చేతుల్లో ఒకరి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. కటారో షిరాయమదాని 1886లో ఒక ‘జపాన్ గ్రామం’ ప్రదర్శన బృందంతో అమెరికా వచ్చాడు. 1887లో రుక్‌వుడ్‌లో చేరాడు. మధ్యలో కొన్నేళ్ళు జపాన్ వెళ్ళొచ్చినా, 1948లో చనిపోయేదాకా ఆ కార్ఖానా మనిషే. అందరూ ఇంగ్లీషు పొడి అక్షరాలు చెక్కితే, ఆయన తన పేరు జపాన్ లిపిలోనే అడుగున చెక్కేవాడు. వేలంలో ఎక్కువ ధర పలికేవాటిలో ఆయన చేసిన కుండీలూ ఉన్నాయి.

ఇంకొకరు రసాయన శాస్త్రం చూసిన స్టాన్లీ బర్ట్. గ్లేజు పనిలో అదృష్టం పాలు ఎక్కువ. 1884లో ఒక బట్టీలో అనుకోకుండా లోపల బంగారు రేకులు మెరిసే గ్లేజు వచ్చింది, ‘టైగర్ ఐ’ అని పేరు పెట్టారు. మళ్ళీ కావాలని చేస్తే వచ్చిందా అంటే, వస్తే వచ్చింది, లేకపోతే లేదు. ల్యాబ్‌లో ఒక్కసారి వచ్చిన రీడింగు మళ్ళీ రాకపోతే పడే బాధ అందరికీ తెలిసిందే కదా. బర్ట్ కాలంలో ఇలాంటివాటిని కాగితం మీదికి, కొలతల్లోకి తేవడానికి ప్రయత్నించారు. 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనలో చూపించిన ‘వెల్లమ్’ గ్లేజు అలా వచ్చిందే. మెరుపు లేని మసక పూత, అయినా కింద బొమ్మ కనబడుతుంది, మంచు తెర వెనకనుంచి చూసినట్టు. 1916లో సిన్సినాటి ఆర్ట్ మ్యూజియంలో ఉన్న 2,292 రుక్‌వుడ్ వస్తువులకు ఒక్కొక్కదానికీ వివరం రాసిపెట్టింది కూడా ఈ బర్టే. ఈ జాబితా లేకపోతే మంటలు లెక్కపెట్టి తేదీ చెప్పేవాళ్ళకి సగం ఆధారం ఉండేది కాదు.

అంత శాస్త్రం ఉన్నా వాళ్ళకీ ఒక సమస్య పూర్తిగా లొంగలేదు. పాత రుక్‌వుడ్ కుండీల్లో చాలావాటి మీద సాలెగూడులా సన్నటి బీటలుంటాయి. బట్టీ చల్లారేటప్పుడు గ్లేజు, మట్టి రెండూ కుదించుకుంటాయి. గ్లేజు ఎక్కువ కుదించుకుంటే, లోపలి మట్టి దాన్ని అంత కుదించుకోనివ్వదు, పూత లాగుడుకు లోనై చిట్లుతుంది. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో రెండు లోహాల కడ్డీ లెక్క చేశాం చూడండి, అదే లెక్క. బీట లేని పాత కుండీకి ఇవాళ ధర ఎక్కువ.

ఇక టైల్స్. 1900 దాటాక కుండీలొక్కటే కాకుండా భవనాలకి టైల్స్, చిత్రఫలకాలు చేయడం మొదలుపెట్టారు. న్యూయార్క్ సబ్‌వేలో వాల్ స్ట్రీట్, ఫుల్టన్ స్ట్రీట్ స్టేషన్ల గోడల మీద వాళ్ళ పని ఉంది. ఫుల్టన్ స్టేషన్‌లో ఉన్నది ఆవిరి పడవ బొమ్మ, ఎందుకంటే రాబర్ట్ ఫుల్టన్ ఆవిరి పడవ ఇంజనీరు. న్యూయార్క్‌లో ఉన్న మన సీనియర్లు రోజూ దాని ముందునుంచే ఆఫీసుకి పోతుండవచ్చు. సిన్సినాటిలో 1930 నాటి కారూ టవర్, 1933లో తెరిచిన యూనియన్ టెర్మినల్ రైల్వే స్టేషన్‌లోని టీ గది కూడా వీళ్ళ టైల్స్‌వే.

యూనియన్ టెర్మినల్ తెరిచేనాటికే కంపెనీ కింద నేల కదులుతోంది. 1929 తర్వాత మహా మాంద్యం. ఇళ్ళు కట్టేవాళ్ళు లేరు, కాబట్టి టైల్స్ లేవు. తిండికే కటకటగా ఉంటే చేత్తో బొమ్మవేసిన పూలకుండీ ఎవరు కొంటారు? కళాకారులని ఒక్కొక్కరినీ పంపించేశారు. 1941లో దివాలా. తర్వాతి పాతికేళ్ళూ చేతులు మారడమే. కొన్నాళ్ళు కేథలిక్ చర్చికి సంబంధించిన ఒక పరిశోధన సంస్థ చేతిలో ఉంది. 1959లో హెర్షెడ్ అనే గడియారాల కంపెనీ కొని, ఆ తర్వాత మిసిసిపీ రాష్ట్రంలోని స్టార్క్‌విల్ అనే ఊరికి తరలించింది. ఒహాయో మట్టి, సిన్సినాటి చేతులు, కొండ మీది బట్టీలు, ఏవీ తోడు రాలేదు. వచ్చింది పేరు, అచ్చులు. 1967లో అదీ ఆగింది. కొండ మీది పాత భవనాన్ని రెస్టారెంటు చేశారు. గుండ్రటి బట్టీల లోపల టేబుళ్ళు వేసి భోజనాలు వడ్డించేవాళ్ళు.

1982లో ఆర్థర్ టౌన్లీ అనే మిషిగన్ పళ్ళ డాక్టరు రంగంలోకొచ్చాడు. ఆయన రుక్‌వుడ్ వస్తువులంటే పడిచచ్చే మనిషి. కంపెనీ పేరు, పాత అచ్చులు, గ్లేజు ఫార్ములాలు విదేశీ కంపెనీకి అమ్ముడుపోతాయేమోనన్న భయంతో, దాచుకున్న డబ్బు పెట్టి తనే కొనేశాడు. కొని పెద్ద ఫ్యాక్టరీ ఏమీ పెట్టలేదు. ఏటా కొద్ది కొద్దిగా, ఇంట్లోనే, పేపర్‌వెయిట్ల లాంటి చిన్న చిన్న వస్తువులు చేసేవాడు. ట్రేడ్‌మార్క్ బతికి ఉండాలంటే దాన్ని వాడుతూ ఉండాలి, వాడకపోతే హక్కు పోతుంది. ఆ కొద్దిపాటి పేపర్‌వెయిట్లే రుక్‌వుడ్ ఊపిరి అన్నమాట. కొంటామని వచ్చినవాళ్ళకి ఆయన అంత తేలిగ్గా ఇవ్వలేదు. చివరికి సిన్సినాటి వాళ్ళే, ఊళ్ళోనే మళ్ళీ పెడతామని వస్తే, 2004 నుంచి మాటలు నడిచి 2006 కల్లా అంతా ఆ ఊరు చేరింది.

కొత్త కార్ఖానా ఓవర్ ద రైన్ అనే పేటలో, రేస్ స్ట్రీట్ మీద పెట్టారు. ఒకప్పుడు జర్మన్ వలసదారులు కట్టుకున్న పేట అది, తర్వాత పేదరికంలో పడిపోయింది, 2001లో పెద్ద అల్లర్లు జరిగినదీ అక్కడే. అలాంటి చోట చేతిపని కార్ఖానా పెట్టి ఉద్యోగాలివ్వడం మంచి నిర్ణయమే. ఆ పేట ఇప్పుడు బాగా ఖరీదైపోయింది, పాత పేదలకి అక్కడ చోటు తగ్గింది అన్నది కూడా నిజమే. తర్వాత యాజమాన్యం మరోసారి మారినా కంపెనీ ఊరు దాటలేదు.

పెట్టెలు విప్పితే ఎన్నో ఫార్ములాలు, ఎన్నో అచ్చులు. ఇక మొదలుపెట్టడమే కదా అనిపిస్తుంది. కాదు. ముందు చెప్పుకున్నాం, పాత గ్లేజుల ప్రాణం సీసం. కార్ఖానాలో మనుషులు సీసం పొడి పీల్చే రోజులు పోయాయి, పోవడమే మంచిది. సీసం తీసేస్తే మాత్రం ఫార్ములా కాగితం మీద ఉన్నది ఉన్నట్టు పనిచేయదు. కరిగే వేడి మారుతుంది, కుదింపు మారుతుంది, రంగు మారుతుంది. రాగి సీసపు గ్లేజులో ఒక పచ్చ, ఇంకో గ్లేజులో ఇంకో రంగు. బట్టీ కూడా మారింది, మట్టి కూడా మారింది. కాబట్టి పాత కాగితం చూసి వండేది కాదు, పాత కుండీని ఎదురుగా పెట్టుకుని అదే రూపం వచ్చేదాకా కొత్తగా కనిపెట్టుకోవాల్సిందే. ఇక షిరాయమదాని చేయి ఏ కాగితం మీదా లేదు. టేలర్ ఎన్ని పుస్తకాలు రాయించినా, ‘ఈ ఆకు దగ్గర కుంచె ఎంత తేలిగ్గా తీయాలి’ అన్నది ఏ కాలమ్‌లోనూ పట్టలేదు.

అందుకే ‘ఇది అదే రుక్‌వుడ్డా?’ అని పాత వస్తువులు సేకరించేవాళ్ళు కొందరు పెదవి విరుస్తారు. నాకు మాత్రం కొత్తవాళ్ళు ఎంచుకున్న దారి నిజాయితీగానే అనిపిస్తుంది. పారిస్ పతకాల నాటి ఆర్కిడ్ కుండీలకి నకళ్ళు తీసి అమ్ముకోవడం మీదే బతకాలనుకోలేదు. పాత అచ్చుల్లో కొన్నింటిని కొత్త గ్లేజులతో పోస్తున్నారు, కొత్త ఆకారాలు గీస్తున్నారు. ఎక్కువ పని టైల్స్‌దే: వంటింటి గోడలకి, చలిమంట గూళ్ళకి, హోటళ్ళకి. నిజానికి 1900ల తర్వాత పాత కంపెనీ కూడా చేసింది ఇదే. పతకాలు కుండీలు తెస్తే, గోడలు నింపింది టైల్స్.

సిన్సినాటి వెళ్ళే పని పడితే యూనియన్ టెర్మినల్ తప్పకుండా చూడండి. ఇప్పుడది మ్యూజియంల భవనం. 1933 నాటి టీ గదిలో ఐస్‌క్రీమ్ అమ్ముతుంటారు. నేల, గోడలు, కప్పు, అన్నీ రుక్‌వుడ్ టైల్సే. ఐస్‌క్రీమ్ కొనుక్కుని కాసేపు తల పైకెత్తి కూర్చోవచ్చు, టికెట్ అక్కర్లేదు.